మూడు ప్రాణముల ఆట



ఈ నెల మేము వ్రాస్తున్న సంగతి చూసి కొందరు పెద్దలు నొసలు ముడిచి, "సంఘ పత్రికలో వీడియో గేము ముచ్చట ఏమిటి?" అని అడగవచ్చు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. పదిహేనేండ్లుగా మేము కూడా వేదిక మీద నుండి అదే మాట చెబుతూ వచ్చాము. అయితే ఒక పసివాని విషయములో మేము చేసిన తప్పును దేవుడు మాకు చూపించాడు. దాచుకొనుటకంటె చెప్పుకొనుట మేలని తలంచి వ్రాస్తున్నాము.

పాతబస్తీలో మా సంఘము చిన్నది. చార్మినారు నుండి దక్షిణముగా నడిచి, సందులో సందు తిరిగి, ఒక పాత ఇంటి మేడ మెట్లు ఎక్కితే మా ఆరాధన స్థలము. ఆదివారము ఉదయము విశ్వాసులు మసీదు ప్రక్కగా, అమ్మవారి గుడి ముందుగా నడిచి వస్తారు. పిల్లలు ఇరవై మంది దాకా ఉంటారు. పెద్దల ఆరాధనకు ముందు వారికి సండేస్కూలు జరుగుతుంది.

కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారము టీచరమ్మ పోయిన నాణెము ఉపమానము చెబుతున్నది. ఆ స్త్రీ దీపము వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెదకుచున్న ఘట్టము దగ్గర, వెనుక వరుసలో నుండి "టింగ్" అని చప్పుడు వచ్చింది. మరల "టింగ్, టింగ్." పిల్లలంతా ముసిముసిగా నవ్వారు. పదేండ్ల పిల్లవాడొకడు తల వంచుకొని అరచేతిలో ఇమిడే ఎర్రటి ప్లాస్టిక్ ఆటబొమ్మ మీద బొటనవ్రేళ్ళు ఆడిస్తున్నాడు. అందులో చిన్న రంగుల తెర, బాణపు గుర్తుల మీటలు ఉన్నాయి. కోఠిలోను, చార్మినారు చుట్టూ ఫుట్‌పాతుల మీదను నాలుగు వందల ఆటలని డబ్బా మీద వ్రాసి అమ్మేది అదే.

మాకు కోపము వచ్చింది. నాలుగడుగులలో వాని దగ్గరకు వెళ్ళి దానిని లాగుకొన్నాము. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. పిల్లలందరి ముందు దానిని పైకెత్తి చూపి, "దేవుని మందిరములోనికి సాతాను పెట్టె తెచ్చినవాడు వీడు" అన్నాము. వాడు ఏడవలేదు. ఒక్కసారి చేయి చాచాడు. మేము ఇవ్వకపోయేసరికి ఆ చేతిని చొక్కాకు తుడుచుకొని కూర్చున్నాడు. తరువాతి ఆదివారము వాడు రాలేదు. ఆ పై ఆదివారము కూడా రాలేదు. ఆ పెట్టె మా బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

మూడవ వారములో ఒక రాత్రి సంఘపు రసీదు పుస్తకము కొరకు సొరుగు తీస్తే అది చేతికి తగిలింది. ఇంతకూ ఇందులో ఏమున్నదో చూద్దామని మీట నొక్కాము. ఒక వరుస అక్షరాలు, వాని క్రింద మరొక వరుస. దేనినో ఎంచి నొక్కితే చిన్న పాట మొదలైంది. నీలాకాశము, ఇటుకలు, పచ్చని గొట్టములు కనిపించాయి. ఎఱ్ఱటోపీ పెట్టుకొన్న మీసాల చిన్న మనిషి ఎడమ ప్రక్కన నిలబడి ఉన్నాడు.

ఆ పాట వినగానే మా వ్రేళ్ళు ముప్పది అయిదేండ్లు వెనుకకు వెళ్ళిపోయాయి.

పల్లెలలో ఉన్న మా చదువరులకు ఈ ఆట ఏమిటో చెప్పాలి. మీ వాకిట ఆడపిల్లలు ఆడే తొక్కుడుబిళ్ళ మీకు తెలుసు కదా! గీత తొక్కకుండా ఒక గడిలో నుండి మరొక గడిలోనికి గెంతాలి. ఇదీ అటువంటిదే. తెర మీది మనిషిని మనము మీటలతో నడిపించి, పరుగెత్తించి, గెంతించాలి. దారిలో గుంటలుంటాయి, పడితే పోయాడు. పురుగులు ఎదురొస్తాయి, తగిలితే పోయాడు, పైన దూకితే అవే అణిగిపోతాయి. ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కుమ్మితే నాణెము వస్తుంది, ఒక్కోసారి పుట్టగొడుగు వస్తుంది. అది తింటే మనిషి పెద్దవాడవుతాడు. దారి చివర ఒక జెండా స్తంభము ఉంటుంది. దాని మీదికి ఎంత ఎత్తున దూకితే అన్ని ఎక్కువ మార్కులు.

దీని పేరు సూపర్ మారియో బ్రదర్స్. జపాను దేశములోని నింటెండో కంపెనీ 1985 సెప్టెంబరులో విడుదల చేసింది. దీనిని కల్పించినవారిలో ముఖ్యుడు షిగెరు మియామోతో. తకాషి తెజుకా ఆయనతో కలిసి పనిచేశాడు. పాట కట్టినవాడు కోజి కోందో. ఎనిమిది లోకములు, ఒక్కొక్క దానిలో నాలుగు దారులు, మొత్తము ముప్పది రెండు. ఇదంతా నలభై కిలోబైట్లలో ఇమిడి ఉన్నది. నేడు మనము ఫోనులో తీసే ఒక్క ఫోటో దానికంటె ఎన్నో రెట్లు పెద్దది. అంత ఇరుకు స్థలము గనుక వారు పొదుపైన గృహిణివలె సర్దుకొన్నారు. ఆ ఆటలో పైనున్న మేఘము, క్రిందనున్న పొద ఒకే బొమ్మ. రంగు మార్చి రెండుసార్లు వాడుకొన్నారు. ఈ సంగతి తెలిసిన తరువాత మేము ఆ మేఘమును చూచినప్పుడెల్లా నవ్వు వస్తుంది.

ఆ మనిషి మీసాలకు కూడా కారణమున్నది. 1981లో వచ్చిన డాంకీ కాంగ్ అనే ఆటలో అతడు మొదటిసారి కనబడ్డాడు. ఆనాటి తెర మీద చుక్కలు చాలా తక్కువ. నోరు, జుట్టు గీయుటకు చోటు చాలదు. అందుకని ముక్కు క్రింద మీసము, తల మీద టోపీ పెట్టారు. ఆ మొదటి ఆటలో అతడు వడ్రంగి. 1983 నుండి గొట్టములు బాగుచేసే పనివాడు. రాజకుమారుడు కాడు, కత్తి పట్టిన వీరుడు కాడు, చేతిపనివాడు. వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును సేవించే మాకు ఈ సంగతి ఎందుకో నచ్చింది.

ఇక మేము దీనిని మొదట ఎప్పుడు చూశామో చెబుతాము.

1990వ సంవత్సరము. మాకప్పుడు పదేండ్లు, మా తమ్మునికి ఎనిమిది. మేమున్నదీ ఈ పాతబస్తీలోనే. మా ఇంట టీవీ లేదు. మా ప్రక్క ఇంటి చాచా సౌదీలో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు రంగుల టీవీ, దానితోబాటు ఒక వీడియో గేము యంత్రము తెచ్చాడు. జపాను యంత్రమునకు నకలు అది. అందులో పెట్టే దానిని మేమంతా క్యాసెట్టు అనేవాళ్ళము. ఆట రాకపోతే క్యాసెట్టు తీసి, దాని నోటిలో గట్టిగా ఊది, మరల పెట్టేవాళ్ళము. ఊదినందువలన వచ్చేదో, మరల పెట్టినందువలన వచ్చేదో గాని, ఊదకుండా పెట్టినవాడు మాలో లేడు.

ఆ డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో మత కలహములు చెలరేగాయి. వందమందికి పైగా ప్రాణములు పోగొట్టుకొన్నారు. కర్ఫ్యూ పెట్టారు. క్రిస్మస్ నెల అయినా మా ఇంటి ముందు క్యారల్స్ పాడినవారు లేరు. సందులో కుక్క మొరిగినా అందరి గుండెలు కొట్టుకొనేవి. కర్ఫ్యూ సడలించిన గంటలలో మా నాన్నగారు పాలకు, కూరగాయలకు పరుగెత్తేవారు. మిగిలిన వేళ తలుపులు బిగించుకొని కూర్చోవడమే.

మా మేడకూ వారి మేడకూ నడుమ ఒక పిట్టగోడ. ఒక మధ్యాహ్నము ప్రక్క ఇంటి ఖాలా ఆ గోడ మీద నుండి మా అమ్మను పిలిచి, "పిల్లలను పంపమ్మా, మావాడు ఒక్కడే గోడలు గీకుతున్నాడు" అన్నది. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజులలో ఎవరిని నమ్మాలో ఎవరిని నమ్మకూడదో పెద్దలకే తెలియదు. చివరకు మా ఇద్దరినీ ఎత్తి గోడ దాటించింది. "చీకటి పడకముందు రావాలి" అని మాత్రము చెప్పింది. మేము అటు దిగిన తరువాత ఆమె ఆ గోడ దగ్గరనే నిలబడి ఉండిపోయిందని తరువాత మా నాన్నగారు చెప్పారు.

ఆ గదిలో మేము పొందిన సంతోషమును ఎలా చెప్పగలము? బయట ఎటు చూచినా బూడిద రంగే. ఆ తెర మీద మాత్రము ఆకాశము నీలము, గొట్టములు పచ్చన, నాణెములు బంగారము. గెంతు మీట నొక్కితే ఒక చప్పుడు, నాణెము దొరికితే ఒక చప్పుడు. మీటను తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకొంటే పెద్ద గెంతు. పరుగెత్తి గెంతితే ఇంకా దూరము. ఈ చిన్న సంగతి చేతికి తెలిసిన క్షణములో కలిగే ఆనందము వేరు. అంతవరకు పడిపోయిన గుంటనే మరుసటిసారి సునాయాసముగా దాటిపోతాము. ఎవరూ పాఠము చెప్పరు. మొదటి పురుగు, మొదటి పెట్టె, మొదటి గొట్టము, ఇవే గురువులు. మాటలు లేకుండానే ఆట నేర్చుకొనేలా మొదటి దారిని ఆలోచించి అమర్చామని మియామోతో తరువాత చెప్పాడు. ఉపాధ్యాయులైనవారు గమనించదగిన సంగతి ఇది.

మేము నలుగురము. ప్రక్క ఇంటి అబ్బాయి, ఆరేండ్ల వాని చెల్లెలు, మేమిద్దరము. ఆటలో ఇద్దరికే చోటు. ఒకడు ఎఱ్ఱటోపీ అన్న మారియో, రెండవవాడు తమ్ముడు లుయీజి. అన్న పడితేనే తమ్ముని వంతు. కాబట్టి ఒకడు ఆడుచుండగా ముగ్గురము ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళము. ఆ చిన్న పిల్ల తన వంతు రాగానే గెంతు మీట నొక్కడము మరచి, తానే పరుపు మీద నుండి గెంతేది. తెర మీద మనిషి మొదటి పురుగుకే బలి అయ్యేవాడు. అందరము పడి పడి నవ్వేవాళ్ళము. ఖాలా లోపలి నుండి "మెల్లగా, మెల్లగా" అనేది. బయటికి నవ్వు వినబడితే ఏమవుతుందోనని ఆమెకు భయము.

ఒకనాడు రెండవ దారిలో, నేల క్రింద సొరంగములో, మా తమ్ముడు పొరపాటున పైనున్న ఇటుకల మీదికి ఎక్కాడు. దిగే దారి తెలియక పైకప్పు మీదనే పరుగెత్తాడు. చివరకు ఒక రహస్యపు గది వచ్చింది. మూడు గొట్టములు. ఒకదానిలో దిగితే ఏకముగా నాల్గవ లోకము! ఆ దినము వాడు మాకు ఇశ్రాయేలు వేగులవాడైన కాలేబువలె కనబడ్డాడు. ప్రక్క ఇంటి అబ్బాయి వానిని భుజము మీద ఎత్తుకొన్నాడు. అంతలో కరెంటు పోయింది. ఆ ఆటలో మధ్యలో దాచుకొనే వీలు లేదు. కరెంటు పోతే మొదటి నుండి మొదలు పెట్టవలసినదే. చీకటిలో నలుగురము కాసేపు మౌనముగా కూర్చుని, తరువాత ఎందుకో మరల నవ్వాము.

ఆ ఆటలో మొదట మూడు ప్రాణములు ఇస్తారు. వంద నాణెములు ఏరుకొంటే మరొక ప్రాణము. దాచిపెట్టిన పచ్చ పుట్టగొడుగు దొరికినా మరొకటి. కర్ఫ్యూ రోజులలో ఒక మధ్యాహ్నము ప్రక్క ఇంటి అబ్బాయి మరీ మరీ పడిపోతున్నాడు. వాని బాబాయి మూసీ అవతల పనికి వెళ్ళి రెండు దినములైనా తిరిగి రాలేదు. ఆ సంగతి వాడు మాకు చెప్పలేదు. మూడవ ప్రాణము కూడా పోయి తెర నల్లబడినప్పుడు వాడు ఉర్దూలో మెల్లగా అన్నాడు: "మనుషులకు కూడా మూడు ఉంటే ఎంత బాగుండేది!" వాని చెల్లెలు, "చాచాకు ఎన్ని ఉన్నాయి అన్నా?" అని అడిగింది. మాలో ఎవరమూ జవాబు చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడిన ఖాలా కొంగు నోటికి అడ్డము పెట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ బాబాయి మరునాడు క్షేమముగా వచ్చాడు. పనిచేసే చోటనే చిక్కుకొని అక్కడే పడుకున్నాడట. పిట్టగోడ మీద నుండి ఆ కబురు వినగానే మా అమ్మ మోకరించి దేవుని స్తుతించింది. కాని ఆ నెలలో మా సందు నుండి వెళ్ళిన మరొక ఇంటివాడు తిరిగి రాలేదు. ఆ ఇంట ఏడుపు మా గోడకు వినబడుతూనే ఉండేది.

తరువాతి కాలములో మేము వేదాంత విద్య అభ్యసించినప్పుడు 49వ కీర్తన చదివాము. ఎంత ధనవంతుడైనా తన సహోదరుని ప్రాణమునకు సరిపడే వెల చెల్లించలేడని కీర్తనకారుడు అక్కడ నేర్పుతున్నాడు. అది చదువునప్పుడు మా మనస్సుకు వచ్చినది హెబ్రీ మాటయు కాదు, వ్యాఖ్యానమును కాదు. ఆ నల్లబడిన తెర, ఆ పిల్ల అడిగిన ప్రశ్న. తెర మీద వంద నాణెములకు ఒక ప్రాణము. మన వీధిలో లక్ష నాణెములకూ దొరకదు. ఉన్న ఒక్క ప్రాణమును ఇతరుల కొరకు అర్పించిన ప్రభువు విలువ అప్పుడు మాకు కొంచెము తెలిసింది. సాటి మనిషి ప్రాణమును తీయువాడు ఎంత ఘోరము చేస్తున్నాడో కూడా తెలిసింది.

మరి ఇంత తెలిసిన మేము ఆ రాత్రి ఏమి చేశాము? బల్ల దగ్గర కూర్చుని ఆడాము. రసీదు పుస్తకము మరచిపోయాము. మొదటి పురుగుకే పోయాము. రెండవసారి గుంటలో పడ్డాము. మూడవసారి నాల్గవ గొట్టము దగ్గరకు రాగానే, క్రింది మీట నొక్కితే లోపల నాణెముల గది ఉంటుందని వ్రేళ్ళకే గుర్తు వచ్చింది. నొక్కాము. దిగాడు! "ఉన్నది!" అని పైకి అనేశాము. మా సహధర్మచారిణి లేచి వచ్చి, రాత్రి పదకొండు గంటలకు ప్లాస్టిక్ పెట్టె పట్టుకొని నవ్వుతున్న పాస్టరును చూసింది. కాసేపు నిలబడి, "ఇది ఆ పిల్లవానిదే కదా?" అన్నది. మరేమీ అనలేదు. ఆ ఒక్క మాట చాలింది. సాతాను పెట్టె అని పిల్లలందరి యెదుట చెప్పినదానితో మేము అంతసేపు ఆనందించాము. ఆనందించినందుకు సిగ్గుపడలేదు గాని, చెప్పిన మాటకు సిగ్గుపడ్డాము.

మరునాడు సాయంకాలము ఆ ఇల్లు వెదకుకొంటూ వెళ్ళాము. ఇల్లంటే ఒకటే గది. తండ్రి లేడు. తల్లి నాలుగిండ్లలో పని చేసి, రాత్రి దీపము దగ్గర లక్క గాజులకు అద్దాల పూసలు అతికిస్తుంది. లాడ్ బజారులో మెరిసే గాజుల వెనుక ఇటువంటి చేతులు ఎన్నో ఉన్నాయి. మమ్మును చూసి ఆమె కంగారు పడి చాప పరచింది.

"అయ్యగారూ, వాడు తప్పు చేసిండు. నేనే కొట్టిన. సిగ్గుతోని వస్తలేడు" అన్నది.

"ఆ బొమ్మ ఎవరు కొనిచ్చారమ్మా?" అని అడిగాము.

"నేనే అయ్యగారూ. బడి నుంచి వచ్చినాక నేను వచ్చేదాక వాడొక్కడే ఉంటడు. రోడ్డు మీదికి పోతడని భయము. ఇంట్ల కూసుంటడు కదా అని మూడు వందలు పెట్టి కొన్న."

మూడు వందల రూపాయలు. ఎన్ని గాజులకు ఎన్ని పూసలు అతికిస్తే ఆ మూడు వందలు! మేము సాతాను పెట్టె అన్నది ఆ తల్లి రాత్రుల కష్టమును. తలుపు చాటున నిలబడిన పిల్లవానిని పిలిచి, పెట్టెను వాని చేతిలో పెట్టి, "బాబూ, సండేస్కూలులో ఆడడము నీ తప్పు. అందరి ముందు నిన్ను అంత మాట అనడము మా తప్పు. మమ్మును క్షమించు" అన్నాము. వాడు తల్లి వైపు చూశాడు. పాస్టరు క్షమాపణ అడిగితే ఏమనాలో వానికెవరూ నేర్పలేదు.

"నాల్గవ గొట్టములో నాణెములున్నాయి, తెలుసా?" అన్నాము.

వాని కళ్ళు పెద్దవయ్యాయి. "మీకెట్ల తెలుసు అయ్యగారూ?"

చాప మీద కూర్చుని వంతులు వేసుకొన్నాము. మా వంతులో మనిషి గెంతినప్పుడెల్లా మా భుజము కూడా పైకి లేస్తున్నదట. అది చూసి వాడు పొట్ట పట్టుకొని నవ్వాడు. చేతిలో గాజు అలాగే పట్టుకొని తల్లి కూడా నవ్వింది. మరుసటి ఆదివారము వాడు అందరికంటె ముందు వచ్చి చాపలు పరిచాడు. పెట్టె ఇంట పెట్టి వచ్చాడు. మేము పిల్లలందరి యెదుట ఆ మాటను వెనుకకు తీసుకొన్నాము. అందరి ముందు చేసిన తప్పు అందరి ముందే దిద్దుకోవాలి కదా!

ప్రియ తల్లిదండ్రులారా, ఆటలకు హద్దు అక్కరలేదని మేము చెప్పడము లేదు. హద్దు తప్పిన ఆట రోగమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. ఆ సంస్థ 2019లో ఆమోదించిన, 2022 నుండి అమలులోనికి వచ్చిన రోగముల పట్టికలో గేముల వ్యసనము కూడా చేరింది. ఆపుకోలేకపోవడము, చదువు, నిద్ర, తిండి, ఇంటివారికంటె ఆటయే ముఖ్యమగుట, నష్టము కనబడుతున్నా మానలేకపోవడము, ఈ స్థితి సాధారణముగా ఒక సంవత్సరము పాటు సాగడము దాని లక్షణములు. ఏదియు మనకు యజమాని కాకూడదని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట ఇక్కడ పనికి వస్తుంది.

పందెమును, ఆటను ఒకటిగా చూడకండి. డబ్బు పెట్టి ఫోనులో ఆడే రమ్మీ వంటివి ఎన్నో కుటుంబములను కూల్చాయి. తెలంగాణ ప్రభుత్వము 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో అటువంటివాటిని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమును 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చేసింది. అటువంటిది మీ పిల్లల ఫోనులో కనబడితే ఉపేక్షించవద్దు. కాని నాణెములు ఏరుకొంటూ గెంతే బొమ్మ మనిషిని, జూదమును ఒకే గాట కట్టి తిట్టితే పిల్లలు మన రెండు మాటలనూ నమ్మరు.

మా ఇంట మేము పెట్టుకొన్న నియమము చిన్నది. పాఠములు, ఇంటి పని అయిన తరువాత అర గంట. భోజనపు వేళ, కుటుంబ ప్రార్థన వేళ, ఆరాధన వేళ ఉండదు. ఒంటరిగా కాక మరొకరితో వంతులు వేసుకొని ఆడాలి. వారానికి ఒకసారి తల్లో తండ్రో ప్రక్కన కూర్చోవాలి. చివరి నియమము పిల్లల కొరకు కాదు, మన కొరకు. మీ బిడ్డ దేనికి నవ్వుతున్నదో మీకు తెలియకపోతే, దేనికి ఏడుస్తున్నదో కూడా మీకు తెలియదు.

జెకర్యా గ్రంథము 8వ అధ్యాయము 4, 5 వచనములు తెరచి చూడండి. చెర నుండి తిరిగి వచ్చిన జనము పాడుబడిన యెరూషలేమును కట్టుచున్న కాలము అది. ఆ పట్టణము మరల బాగుపడుననుటకు దేవుడు చూపిన గుర్తు ఏమిటి? కోట గోడలు కాదు, సైన్యము కాదు. కర్ర ఊతగా వీధిలో కూర్చున్న ముసలివారు, ఆ వీధుల నిండ ఆడుకొనే మగపిల్లలు, ఆడపిల్లలు. భయము లేని వీధిలోనే పిల్లలు ఆడతారు. ఆ వాక్యము చదివినప్పుడెల్లా ఖాళీగా ఉన్న ఆనాటి మా సందు, పిట్టగోడ దాటి వెళ్ళిన ఆ గది మాకు గుర్తుకు వస్తాయి. వీధి లేని దినములలో మాకు ఆ తెరయే వీధి అయింది. రెండు మతముల పిల్లలము అందులో ఒకే దారిన పరుగెత్తాము.

ఆ ఆటలో ఒక విచిత్రమున్నది. తెర ముందుకే జరుగుతుంది, దాటిన దారికి మరల వెళ్ళలేము. 1990 డిసెంబరు మధ్యాహ్నములకు మేము వెళ్ళలేము. ప్రక్క ఇంటివారు ఎప్పుడో ఇల్లు మారారు. ఆ అబ్బాయి, ఆ చెల్లెలు ఎక్కడ ఉన్నా దేవుడు వారిని కాపాడును గాక. ఆ పిట్టగోడ మాత్రము ఇంకా ఉన్నది. సంక్రాంతికి ధూల్‌పేట పతంగులు పట్టుకొని పిల్లలు దాని మీద ఎక్కి కూర్చుంటారు. పడతారేమోనని మేము అరుస్తాము, వారు వినరు.

ప్రార్థించుదము: ప్రేమగల తండ్రీ, మా పసిబిడ్డల నవ్వును మాకు దయచేసినందుకు స్తోత్రము. వారిని తొందరపడి తీర్పు తీర్చిన మా నాలుకను క్షమించుము. ఒంటరి గదులలో తల్లి కొరకు ఎదురుచూచు పిల్లలకు తోడుగా ఉండుము. మా బస్తీ వీధులు, మా పల్లె వీధులు ఆడుకొనే పిల్లలతో నిండియుండునట్లు సమాధానము అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.